ఇంట్లో కొత్త వంట ఎందుకు కుదరదు? తెలియని సరుకు కొనేముందు ఏం చూసుకోవాలి?

రంజాన్ ఇంకా పదిహేను రోజులుందనగానే ఇళ్లలో ఫోన్లన్నీ వంటల వీడియోలతో నిండిపోతాయి. కునాఫా, హమ్మస్, మందీ, వైట్ సాస్ పాస్తా, చీజ్ రోల్స్... ఒక తరం కిందట పేరు కూడా వినని వంటకాలు ఇప్పుడు కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్ ఇళ్లలో దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేశాయి. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మామూ అక్కడ తిన్నదాన్ని నోరూరేలా చెబుతారు. చెల్లెలు వీడియో పంపిస్తుంది. పిల్లలు ఈ శుక్రవారమే కావాలని పట్టుబడతారు. చివరికి పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం ఒక్క మనిషే.

ఆ మనిషి చీజ్‌కో, క్రీముకో ఐదారు వందలు పెట్టి, మధ్యాహ్నమంతా కష్టపడి చేసి పెడితే దాదీమా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని "ఇదేంటి బేటీ, ఖట్టీ దాల్ లేదా?" అంటారు. పిల్లలు వాసన చూసి పళ్లెం పక్కకు నెట్టేస్తారు. వీడియోలో ఉబ్బి మెరిసిన రొట్టె ఇక్కడ అట్టముక్కలా వస్తుంది. ఇక ఆ ఇల్లాలు మళ్లీ ఆర్నెల్ల దాకా కొత్త వంట జోలికి పోదు. నలభై మందికి బిర్యానీ దమ్ వేయగల చెయ్యి నలుగురికి పాస్తా చేయలేకపోతే తప్పు చేతిది కాదు. చాలావరకు తప్పు కొలతలది, వాతావరణానిది, సరుకుది. ఆ మూడూ అర్థమైతే సగం పని తేలికవుతుంది.

అందాజ్‌కు అలవాటైన చెయ్యి

మన ఇళ్లలో వంట అందాజ్ మీద నడుస్తుంది. ఉప్పు ఎంత అంటే "కాస్త", నీళ్లు ఎన్ని అంటే "వేలు మొదటి కణుపు మునిగేదాకా". సాలన్‌కు, పప్పుకు ఈ లెక్క బాగా సరిపోతుంది, ఎందుకంటే మధ్యలో రుచి చూసి సరిదిద్దుకోవచ్చు. కేకు, బన్ను, పుడ్డింగు అలా కాదు. ఒకసారి ఓవెన్‌లోకి వెళ్లాక మళ్లీ చెయ్యి పెట్టే వీలుండదు. అందుకే అందాజ్‌లో ఆరితేరినవాళ్లు కూడా బేకింగ్‌లో దెబ్బతింటారు. ఒకటి, రెండు గ్రాముల తేడా కూడా తెలిపే చిన్న తూకం మిషన్ ఒకటి ఇంట్లో ఉంటే కొత్త వంటల్లో సగం గొడవలు తప్పుతాయి. ఖరీదైన మిక్సర్లు, అచ్చుల కంటే ముందు కొనాల్సింది అదే.

కొలతల్లో ఇంకో చిక్కుంది. అమెరికా రెసిపీల్లో ఒక కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో చాయ్ కప్పు అందులో సగం కూడా ఉండదు. అలాగే వాళ్లు 350 డిగ్రీలు అని రాస్తే అది ఫారెన్‌హీట్, మన ఓవెన్ మీద ఉండే సెల్సియస్‌లో దాదాపు 175. ఈ సంగతి చూసుకోకుండా ఓవెన్‌ను చివరిదాకా తిప్పేస్తే పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటుంది.

వాతావరణం సంగతి చాలా వీడియోల్లో చెప్పరు. ఈస్టు వేసిన పిండిని "గంటన్నర పక్కన పెట్టండి" అని రాసేది చలి దేశాల వాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింట్లో అదే పిండి ముప్పావు గంటలోనే రెండింతలు పొంగుతుంది. గడియారం చూస్తూ కూర్చుంటే పిండి పులిసి, పుల్లటి వాసన వచ్చి, కాల్చాక కూలిపోతుంది. చూడాల్సింది టైమును కాదు, పిండి ఎంత పొంగిందన్నది. ఈస్టును పొగలు కక్కే పాలల్లో కలిపితే అది చచ్చిపోతుంది. వేలు పెడితే హాయిగా అనిపించే గోరువెచ్చదనం చాలు.

ఇక క్రీము. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. మన అంగళ్లలో చిన్న అట్టపెట్టెల్లో దొరికే ఫ్రెష్ క్రీములో కొవ్వు సాధారణంగా 25 శాతమే. దాన్ని ఎంతసేపు గిలకొట్టినా నురగ నిలబడదు. కేకు మీద వేసే క్రీముకు కనీసం 30 శాతం, ఇంకా బాగా నిలబడాలంటే 35 శాతం కొవ్వుండాలి. గంటసేపు గిలకొట్టి చెయ్యి నొప్పి పుట్టి "నాకు రాదు" అనుకున్నవాళ్లు ఎందరో. నిజానికి ఆ పెట్టెలో ఉన్నది కూరలో, పాస్తాలో వేసుకునే క్రీము. పెట్టె వెనక కొవ్వు శాతం రాసే ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోవాలి.

ఓవెన్ లేనంత మాత్రాన ఆగిపోనక్కర్లేదు. మందపాటి గిన్నె లేదా కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడిచేసి అందులో స్టాండు మీద పళ్లెం పెట్టి కాల్చే పద్ధతి చాలా ఇళ్లలో ఉన్నదే. కేకు, నాన్‌ఖటాయీ అందులో బాగానే వస్తాయి. పైభాగం మాత్రం ఓవెన్‌లో లాగా ఎర్రగా రాదు. ఆ తేడాకు ముందే సిద్ధపడితే నిరాశ ఉండదు.

మందీలో బిర్యానీ చెయ్యి

తెలుగు ముస్లిం ఇళ్లలో ఎక్కువమంది ప్రయత్నించేదీ, ఎక్కువమందికి తేడా కొట్టేదీ మందీయే. కారణం ఒక్కటే: చేసేది మందీ అయినా చెయ్యి మాత్రం బిర్యానీది.

మందీ యెమెన్ వంటకం, ముఖ్యంగా హద్రమౌత్ ప్రాంతానిది. నేలలో తవ్విన తందూరులో కింద బియ్యం గిన్నె, పైన మాంసం వేలాడదీసి, మూతపెట్టి మట్టితో కప్పేస్తారు. మాంసం నుంచి కారే రసం, కొవ్వు బియ్యంలోకి దిగుతాయి. తేమ అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. హైదరాబాద్‌లో ఇది పుట్టుకొచ్చింది గాలిలోంచి కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. బారక్స్ అనే మాటే బార్కస్ అయింది. అక్కడి హోటళ్ల నుంచే మందీ నగరమంతా, ఆపైన జిల్లాలకూ పాకింది.

బిర్యానీకి అలవాటైన మనిషి మందీ చేసేటప్పుడు ఏమవుతుంది? చెయ్యి తనంతట తానే పెరుగు గిన్నె వైపు వెళ్తుంది. తర్వాత కారం డబ్బా. తర్వాత వేయించిన ఉల్లిపాయలు, పుదీనా. చివరికి గిన్నెలో ఉండేది మందీ కాదు, బిర్యానీ కూడా కాదు. మందీలో పెరుగు, ఎండుకారం, పుదీనా ఉండవు. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, కాస్త పసుపు, ఎండు నిమ్మకాయ... రుచి అంతా మాంసం రసం నుంచి రావాలి. అందుకే మాంసం మంచిది కావాలి, ఎముకతో ఉండాలి, కొవ్వు కాస్త ఉండాలి. మసాలాతో కప్పిపుచ్చే అవకాశం ఇందులో లేదు.

ఇంట్లో తందూరు గొయ్యి ఎవరికీ ఉండదు కాబట్టి దారి ఇది. కిలో మేక మాంసం పెద్ద ముక్కలుగా కోయించి, సాబుత్ మసాలాలు, ఉల్లిపాయ వేసి సన్నటి మంట మీద మెత్తబడేదాకా ఉడికించాలి. ముక్కలు తీసి, నెయ్యీ కుంకుమపువ్వు రాసి ఓవెన్‌లోనో పెనం మీదో ఎర్రగా చేసుకోవాలి. వడగట్టిన ఆ రసంలోనే బియ్యం వండాలి. గంటసేపు నానబెట్టిన సేలా బాస్మతికి గ్లాసుకు ఒకటిన్నర నుంచి రెండు గ్లాసుల రసం పడుతుంది, బియ్యం పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి. రసంలో ఉప్పు రుచి చూసినప్పుడు నాలుకకు కాస్త ఎక్కువగానే తగలాలి, బియ్యం దాన్ని లాగేసుకుంటుంది.

ఎండు నిమ్మకాయ గురించి ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే ఆ నల్లటి, గట్టి కాయకు రెండు చిల్లులు పెట్టి రసంలో వేయాలి. కిలోకు రెండు చాలు. ఎక్కువసేపు ఉడికితే లోపలి గింజల చేదు దిగుతుంది. ఆ చేదుకు మాంసం పాడైందేమోనని పారబోసిన ఇళ్లు కూడా ఉంటాయి. బియ్యం వేసేముందే కాయల్ని తీసేస్తే ఈ బాధ ఉండదు.

అయినా మొదటిసారి తిన్న పెద్దవాళ్లు "చప్పగా ఉంది" అనే అంటారు. అది నిజమే, బిర్యానీతో పోల్చితే చప్పగానే ఉంటుంది. యెమెనీలు కూడా మందీని ఒట్టిగా తినరు. టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర కలిపి దంచిన పచ్చడి పక్కన ఉంటుంది. మన రోటి పచ్చడికి అది చుట్టమే. కారం అందులో పెట్టాలి, అన్నంలో కాదు. రాయలసీమ ఇళ్లలో ఈ పచ్చడి కాస్త ఎక్కువ చేసుకోవడమే మంచిది.

ఇల్లంతా ఉన్న సరుకుతో కొత్త వంట

మందీకి భయపడేవాళ్లకు హమ్మస్ తేలిక. పేరు కొత్తగా ఉంది గానీ అందులో ఉన్నవి కాబూలీ శనగలు, నువ్వులు, వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, పైన ఆలివ్ నూనె. ఒక్క చివరిది తప్ప అన్నీ ఇంట్లో ఉండేవే. డబ్బాలో అమ్మే తహీనీకి వందలు పెట్టనక్కర్లేదు, అది నువ్వుల ముద్దే. తెల్ల నువ్వుల్ని రంగు మారకుండా దోరగా వేయించి, కాస్త నూనెతో మెత్తగా రుబ్బితే చాలు. నువ్వులు ఎర్రబడితే చేదెక్కుతుంది.

శనగల్ని రాత్రంతా నానబెట్టి, చిటికెడు వంటసోడాతో వేళ్ల మధ్య వెన్నలా నలిగేంత ఉడికించాలి. చాలామంది కూరకు ఉడికించినట్టు ఉడికించి ఆపేస్తారు, అందుకే గరుకుగా వస్తుంది. రుబ్బేటప్పుడు చల్లటి ఐసు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తే తెల్లగా, నునుపుగా తేలుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు దీన్ని హమ్మస్ అని కాకుండా శనగల నువ్వుల పచ్చడి అని చెప్పి రొట్టెతో పెడితే చాలావరకు గొడవ లేకుండా తింటారు. పేరు సగం రుచి.

గుంటూరు జిల్లాకు చెందిన మస్తానమ్మ పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో దేశదేశాల్లో చూశారు. నూరేళ్లు దాటిన వయసులో, ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండి పేరు తెచ్చుకున్న ఆమె 2018 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆ వంటలో గమనించాల్సింది ఒకటుంది. కొత్తదనం పాత్రలో ఉంది, గిన్నెకు బదులు పుచ్చకాయ. లోపల వండింది ఆమె చేతికి ఏళ్ల తరబడి తెలిసిన కోడికూరే. ఒకేసారి మాంసం కొత్తది, మసాలా కొత్తది, పద్ధతి కొత్తది అయితే ఎక్కడ తేడా కొట్టిందో తెలియదు. ఒక్కటే మారిస్తే, పొరపాటు దొరుకుతుంది. హైదరాబాద్‌కు చెందిన ఖ్వాజా మొయినుద్దీన్ నవాబ్స్ కిచెన్ పేరుతో అనాథ పిల్లల కోసం బిర్యానీతోపాటు పిజ్జాల వంటివి కూడా ఆరుబయటే పెద్ద గిన్నెల్లో వండుతుంటే చూసినవాళ్లకు కూడా ఈ సంగతి అర్థమవుతుంది. సాధనాలు పాతవే, వంటకం కొత్తది.

ప్యాకెట్ వెనక వైపు చదవాలి

కొత్త వంటతో ఇంటికి కొత్త ప్యాకెట్లు వస్తాయి. రుచి కుదరకపోతే ఒక పూట పోతుంది. హలాల్ సంగతి చూసుకోకపోతే మనసులో ఆ ముల్లు చాలాకాలం ఉంటుంది. కాబట్టి ఈ భాగం తొందరగా చదివి వదిలేయకూడదు.

మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే అది శాకాహారం. గోధుమ రంగు గుర్తు ఉంటే మాంసాహారం. ఇదివరకు ఇది కూడా గుండ్రటి చుక్కే, 2020 నాటి లేబుల్ నిబంధనలతో త్రికోణంగా మారింది. పచ్చ గుర్తు నిజాయితీగా వేసి ఉంటే పంది కొవ్వు, జంతువుల జెలటిన్, దూడ కడుపు నుంచి తీసే రెనెట్ వంటివి అందులో ఉండకూడదు. చీజ్ కొనేటప్పుడు ఇది పెద్ద ఊరట. గోధుమ రంగు కనిపించగానే భయపడనక్కర్లేదు, ఒట్టి గుడ్డు ఉన్నా ఆ గుర్తే వేస్తారు. పదార్థాల పట్టీ చదివితే తెలుస్తుంది.

కానీ చాలామంది గమనించని విషయం, పచ్చ గుర్తు మద్యం గురించి ఏమీ చెప్పదు. మద్యం జంతువు నుంచి రాదు కదా. చైనీస్, జపనీస్ వంటల్లో వేసే కుకింగ్ వైన్, మిరిన్ వంటివి శాకాహారమే, వాటిలో మద్యం ఉంటుంది. మిరిన్‌లో అది 14 శాతం దాకా ఉంటుంది. వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అని విదేశాల నుంచి వచ్చే సీసాలో అమెరికా నిబంధన ప్రకారమే కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన దగ్గర చవకగా దొరికే వెనీలా ఎసెన్సుల్లో కొన్నింటికి ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు, లేబుల్‌పై ఐఎన్‌ఎస్ 1520 అని ఉంటుంది. ఎసెన్స్ వంటి వాటిలో ఉండే కొద్దిపాటి ఆల్కహాల్ మీద ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, ఇంటివాళ్లు నమ్మే ఆలింను అడిగి తెలుసుకోవాలి. అంత దూరం ఎందుకనుకుంటే యాలకుల పొడి, కేవ్‌డా, గులాబీ నీరు మన దగ్గర ఎలాగూ ఉన్నాయి. మిరిన్‌కు బదులు కాస్త చక్కెర, కొద్దిగా వెనిగర్ వేస్తే దగ్గరి రుచి వస్తుంది. వెనిగర్, అంటే సిర్కా, మంచి సాలన్ అని ప్రవక్త ముహమ్మద్ (స) మెచ్చుకున్నట్టు సహీ ముస్లింలో ఉంది.

నంబర్ల విషయానికొస్తే కొన్ని గుర్తుంచుకుంటే చాలు. 120 అంటే కార్మైన్, పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. 441 అని రాస్తే జెలటిన్. 471 మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు, పచ్చ గుర్తు ఉంటే మొక్కలదే. గల్ఫ్, మలేషియాల నుంచి పార్శిల్లో వచ్చే చాక్లెట్లు, మార్ష్‌మాలోల మీద మన గుర్తులుండవు. వాటిపై హలాల్ సంస్థ గుర్తు ఉందేమో చూడాలి. మలేషియా ప్రభుత్వ సంస్థ జాకిమ్ ముద్ర అలాంటిదే. యూరప్ నుంచి వచ్చే జెల్లీ మిఠాయిల విషయంలో మరింత జాగ్రత్త, అక్కడ పంది చర్మం నుంచి తీసిన జెలటిన్ వాడకం ఎక్కువ.

పుడ్డింగు రెసిపీలో జెలటిన్ రాసి ఉంటే మన దగ్గర పాత మందు ఉంది, చైనా గ్రాస్. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, అగర్ అన్నా అదే, నంబరు 406. అయితే జెలటిన్ తీసేసి అంతే చైనా గ్రాస్ వేస్తే కుదరదు. రెండింటి స్వభావం వేరు. జెలటిన్ 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టగానే జారిపోతుంది, మే నెలలో బల్ల మీద కూడా నీరైపోతుంది. చైనా గ్రాస్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగడానికి దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. ఫ్రిజ్ బయట కూడా గట్టిపడుతుంది, ఎండకు నిలబడుతుంది. కాకపోతే ఎక్కువ వేస్తే రబ్బరులా తగులుతుంది. పది గ్రాముల ప్యాకెట్ ముప్పావు నుంచి లీటరు పాలకు సరిపోతుంది. ముందు నీళ్లలో నానబెట్టి, విడిగా పూర్తిగా కరిగేదాకా మరిగించి, వేడి పాలలోనే కలపాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో పోస్తే అక్కడికక్కడే గడ్డలు కడుతుంది.

సముద్రపు తిండి మీద కూడా ప్రయోగాలు పెరిగాయి. స్క్విడ్, పీత, ఆక్టోపస్ విశాఖ, నెల్లూరు వైపు తేలిగ్గానే దొరుకుతాయి. హనఫీ మస్లక్‌లో సముద్ర జీవుల్లో చేపలు మాత్రమే హలాల్, రొయ్యల విషయంలో ఎక్కువమంది అనుమతి ఉందంటారు. షాఫయీ మస్లక్‌లో సముద్రంలో బతికేవాటికి అనుమతి విశాలం. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు మధ్య ఈ తేడా ఉండొచ్చు. దావత్‌కు పిలిచినప్పుడు ముందే అడిగి తెలుసుకుంటే భోజనాల దగ్గర ఇబ్బంది పడనక్కర్లేదు.

కొన్ని ప్రమాదాలు

రాజ్మా తెలుగు ఇళ్లకు కాస్త కొత్త గింజే. పచ్చి రాజ్మాలో ఉండే ఒక విష పదార్థం సరిగా ఉడకకపోతే పోదు. నాలుగైదు గింజలు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పెద్దమంట మీద తెర్లుతూ అరగంట ఉడకాలి. కుక్కర్లో మెత్తగా ఉడికిస్తే భయం లేదు. సన్నటి సెగ మీద గంటల తరబడి పెట్టే ఎలక్ట్రిక్ కుండల్లో మాత్రం నేరుగా వేయకూడదు, ఆ తక్కువ వేడికి విషం తగ్గదు సరికదా పెరుగుతుంది కూడా.

రెండోది బొగ్గులు. మందీకి, అల్ఫహమ్‌కు పొగ వాసన కావాలని తలుపులు మూసిన వంటింట్లో, బాల్కనీ అద్దాలు వేసి బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లున్నారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషి నిద్రలోకి జారినట్టే పోతాడు. చిన్న గిన్నెలో ఒక్క నిప్పు బొగ్గు పెట్టి, నెయ్యి చుక్క వేసి, వంట గిన్నెకు ఐదు నిమిషాలు మూతపెట్టే మన పాత పద్ధతి చాలు. అప్పుడు కూడా కిటికీలు తెరిచే ఉంచాలి. కుంపటి మాత్రం ఎప్పుడూ మేడ మీదనో ఆరుబయటనో పెట్టాలి.

పిస్తా, జీడిపప్పు, నువ్వులు, వేరుశనగ, రొయ్యలు కొందరికి పడవు. చిన్నపిల్లలకు మొదటిసారి పెట్టేటప్పుడు చెంచాలో సగం చాలు. పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి అందకపోయినా ఇంటి చిట్కాలు కట్టిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. బీపీ ఉన్నవాళ్లుంటే సోయా సాస్ సీసా దగ్గర చెయ్యి ఆపుకోవాలి. ఒక పెద్ద చెంచా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో అది ఇంచుమించు సగం. దానిమీద మళ్లీ ఉప్పు వేస్తే చెప్పేదేముంది.

తినేవాళ్ల సంగతి

రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు కొత్త తిండిని చూడగానే వద్దంటారు. అది మొండితనం కాదు, ఆ వయసు లక్షణం. ఒకే పదార్థం 8 నుంచి 15 సార్లు కంటబడితే, కొద్దికొద్దిగా రుచి చూస్తే గానీ చాలామంది పిల్లలు ఒప్పుకోరని పిల్లల ఆహారంపై పరిశోధనలు చెబుతున్నాయి. రెండుసార్లు పెట్టి "మా వాడికి బ్రోకలీ పడదు" అని తేల్చేయడం తొందరపాటు. బలవంతంగా నోట్లో కుక్కితే మాత్రం జన్మకు సరిపడా విరక్తి పుడుతుంది. తెలిసిన పప్పన్నం పక్కన రెండు ముక్కలు పెట్టి ఊరుకోవడమే మేలు.

పెద్దవాళ్ల విషయం సున్నితం. ముఖ్యంగా కొత్త కోడలు చేసిన కొత్త వంట అయితే, పళ్లెం పక్కకు జరిపితే ఆ బాధ వంటతో ఆగదు. నచ్చకపోతే ఏం చేయాలన్నదానికి మన దగ్గర మంచి ఆదర్శముంది. ప్రవక్త (స) ఏ భోజనాన్నీ వంకపెట్టేవారు కాదని, ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఒకసారి ఎడారిలో దొరికే ఉడుములాంటి జంతువు మాంసం వడ్డిస్తే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. హరామా అని అడిగితే కాదన్నారు, తమ ప్రాంతంలో అది ఉండదు కాబట్టి మనసు ఒప్పడం లేదన్నారు. పక్కనే ఉన్న ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దాన్ని దగ్గరికి లాక్కుని తిన్నారు, ఆయన చూస్తూ ఊరుకున్నారు. అలవాటు లేకపోవడం వేరు, తప్పు కావడం వేరు. ఒక దస్తర్‌ఖాన్ మీద ఇద్దరికీ చోటుంది.

ఇప్పుడు మనవే అనుకుంటున్నవి కూడా ఒకనాడు కొత్తవే. మిరపకాయ దక్షిణ అమెరికా వైపు నుంచి పోర్చుగీసుల ఓడల్లో 16వ శతాబ్దంలో మన తీరానికొచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలే. టమాటా కూడా యూరోపియన్లతో వచ్చిందే, అది లేకుండా టమాటర్ కా కుట్ ఎక్కడిది? అరబ్బుల హరీస్ మన మసాలాలు కలుపుకుని హలీమ్ అయింది, 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. బార్కస్‌లో ఆ పాత హరీస్ ఇప్పటికీ తెల్లవారుజామున నాష్తాగా దొరుకుతుంది. షాదీల్లో తప్పనిసరి అయిన డబుల్ కా మీఠా విదేశీ బ్రెడ్‌తో చేసిందే, పొంగి రెండింతలయ్యే రొట్టె కాబట్టి డబుల్ రొట్టె అన్నారు.

ఇప్పుడు కునాఫా వంతు. సన్నటి కతాయిఫ్ నూలు మన ఊళ్లలో దొరకదు. షీర్ ఖుర్మాకు తెచ్చే సన్న సేమ్యాను నెయ్యిలో దోరగా వేయించి, కాసిని పాలు చిలకరించి మెత్తబరిచి, మధ్యలో పచ్చ గుర్తున్న మొజరెల్లాతోపాటు కాస్త కోవా పెట్టి పెనం మీద రెండు వైపులా కాలుస్తున్నారు. పాకం చల్లగా ఉండాలి, కునాఫా వేడిగా ఉండాలి. రెండూ వేడిగా ఉంటే మెత్తబడిపోతుంది. అసలు కునాఫా తిన్నవాళ్లు ఇది అది కాదంటారు. కాదు, నిజమే. అయినా మూడోసారికి ఖాళీ పళ్లెమే మిగులుతోంది.

చేసి చూడాలనుకునేవాళ్లు ఈద్ రోజునో, వియ్యంకులు వచ్చిన రోజునో మొదలుపెట్టకుండా మామూలు రోజున సగం కొలతతో చేసుకోవాలి, పక్కన పప్పు చారు ఉండనే ఉండాలి. మొదటిసారి రాసింది రాసినట్టు, రెండోసారి మనకు నచ్చినట్టు. మిగిలిన హమ్మస్‌ను ఫ్రిజ్‌లో మూడు రోజుల్లోపు తినేయాలి. మందీ అన్నం మిగిలితే రాత్రంతా బయట ఉంచకూడదు, రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున సెహ్రీకి పొగలు వచ్చేలా వేడిచేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేస్తే దాదీమా కూడా మారు వడ్డించుకుంటారు.